కట్టమ్మ వంకర మంచం

కట్టమ్మ అల్లిన మంచంలో ఒక్క తప్పు కూడా లేదని, దాని తప్పు అదేనని పేష్కారు రాజలింగం తేల్చాడు.

తేల్చడానికి ఆయనకు సగం పొద్దు పట్టింది. మంచం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి కిందినుంచి చూశాడు. గళ్లన్నీ ఒకే తీరున ఉన్నాయా అని జానతో కొలిచాడు. చివరికి చింతపిక్క తెప్పించి నడిమధ్యలో వేస్తే, అది ఎగిరి ఆయన ముక్కును రాసుకుంటూ పోయింది. ముక్కు తడుముకుంటూ ఆయన కట్టమ్మ వైపు తిరిగాడు.

"గిది కండ్లున్నోళ్ల పని" అన్నాడు.

మంచి మాటే కదా అని కట్టమ్మ నవ్వబోయింది. పక్కనున్న అన్న సోమనర్సయ్య ఊపిరి బిగబట్టిన చప్పుడు విని ఆగిపోయింది. చూపు లేకపోతే పోయింది గాని, అన్న ఊపిరిని బట్టి ఎదుటివాడి మొహం ఎట్లా ఉందో చెప్పడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు.

అది పోలీసు యాక్షన్ అయిన రెండో ఏడు. ఊరి పేరు ఇప్పలగడ్డ, రఘునాథపల్లి స్టేషనుకు రెండు క్రోసుల దూరం. దొర ఏనాడో హైదరాబాదు పారిపోయాడు. కోటలాంటి ఆయన గడి మీద కొన్నాళ్లు కమ్యూనిస్టుల సంగం జెండా ఎగిరింది. తర్వాత పోలీసు క్యాంపు దిగింది, ఇప్పుడు పోలీసుల బనీన్లు ఎగురుతున్నాయి. ఒకప్పుడు చెప్పులు చేతపట్టుకుని దాటవలసిన వాకిట్లో ఎవరి బనీను ఎవరిదన్న తగాదా రోజూ నడుస్తుండేది. ఊళ్లోవాళ్లు దారి మార్చుకుని పోయేవారు. ఏ కాలంలో ఎవరికి దండం పెట్టాలో తెలియక చేతులు సగం ఎత్తి ఉంచుకోవడం అందరికీ అలవాటైపోయింది.

ఆ పోలీసులు నేలమీద పడుకుంటున్నారు. గడిలో తేళ్లకు కొదవ లేదు. కాబట్టి సర్కారుకు మంచాలు కావాలి. సరిగ్గా అప్పుడే పైనుంచి కాగితం ఒకటి వచ్చింది. క్యాంపులకు, కచేరీలకు కావలసిన మంచాలు, తాళ్లు, తట్టలు ముందుగా అంగవైకల్యం ఉన్నవాళ్ల చేతనే చేయించి కొనాలి. వాళ్లు చేయలేమంటేనే బజారుకు పోవాలి. ఇంత మంచి కాగితం రాసిన పెద్దమనిషి ఎవరో గాని, అది రాజలింగం లాంటి పేష్కారు చేతిలో పడుతుందని ఊహించి ఉండడు.

ఇప్పలగడ్డలో ఆ కాగితానికి సరిపోయేవాళ్లు ఇద్దరు తేలారు. ఒకరు తండా టీక్యా. రజాకార్ల తుపాకీ గుండుకు ఎడమకాలు మోకాలి కిందినుంచి పోయింది. కూర్చుని గోగునార పేని నులక చేస్తాడు. రెండోది కట్టమ్మ. ఐదో ఏట అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. ఇరవై అయిదేళ్లుగా మంచాలు అల్లుతోంది. చుట్టుపక్కల ఏ బాలింత పడుకున్నా, ఏ ముసలి నడుము వాలినా అది కట్టమ్మ అల్లిన మంచం మీదే.

పని చేసేవాళ్లకు గడి వెనకనున్న గుర్రపుసాల ఇస్తామన్నారు. పగలు అందులో పని, పని ఉన్నన్నాళ్లూ అందులోనే ఉండవచ్చు. గుర్రాలు దొరతోపాటే పోయాయి, వాసన మాత్రం ఉండిపోయింది. టీక్యాకు తండాలో గుడిసె ఉంది కాబట్టి సాల మొత్తం కట్టమ్మకే. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకు ఒకటే ధ్యాస. ఒక మూలన మూడు రాళ్లు పెట్టి, తన పొయ్యి తాను వెలిగించుకోవాలి. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇంతవరకూ తన జొన్న గటకలో ఉప్పు తాను వేసుకుని ఎరగదు.

ఉప్పు వేసేది వదిన కొంరమ్మ. మనిషి చెడ్డది కాదు. వడ్డించేటప్పుడు నోరు ఊరుకోదు, అంతే. "తిను తిను, గిన్నె అడుగు నీకెట్లనూ కనవడది" అని ఒక గరిటె తక్కువ వేసేది. కనపడకపోయినా గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు కట్టమ్మ లెక్క పెట్టుకునేది. లెక్క ఎప్పుడూ ఒకటి తక్కువే.

ఇంతకూ రాజలింగం అనుమానానికి కారణం లేకపోలేదు. ఆ రోజుల్లో సంగం కబుర్లు మోసేవాళ్లు గాజులమ్ముకునేవాళ్లలాగా, బిచ్చగాళ్లలాగా వేషం కట్టి తిరిగేవారు. క్యాంపులోకి రోజూ వచ్చిపోయే ఒక గుడ్డి మనిషి, అందులోనూ ఇంత తీరుగా మంచం అల్లే గుడ్డి మనిషి, నిజంగా గుడ్డిదేనా? టీక్యా పేరు అంతకుముందే చిటికెలో రాసుకున్నాడు. కాలు ఉండవలసిన చోట లేదు, ఇక చూడవలసిందేముంది.

"నా కాలు లేదని అందరి కండ్లకు కనవడ్తది అక్కా" అన్నాడు టీక్యా, బయటికి వచ్చాక. "నీ చూపు లేదని ఎవని కండ్లకు కనవడ్తది?"

దవాఖాన కాగితం తెమ్మన్నారు. సోమనర్సయ్య చెల్లెల్ని వెంటబెట్టుకుని రఘునాథపల్లిలో రైలెక్కి జనగామ పోయాడు. దవాఖానలో డాక్టరు ఆమె మొహం ముందు చెయ్యి పెట్టి ఎన్ని వేళ్లని అడిగాడు. అంత పెద్దాయన అడిగితే తెలియదనడం మర్యాద కాదని కట్టమ్మకు తోచింది.

"రెండు" అంది, నోటికొచ్చినట్టు.

రెండే. డాక్టరు చెయ్యి మార్చాడు. "అయిదు" అంది. అయిదే. సోమనర్సయ్య ఊపిరి మళ్లీ ఆగింది. ఆమెకు అప్పుడు తట్టింది, తాను చేస్తున్నది మర్యాద కాదు, సొంత కొంపకు నిప్పు పెట్టుకోవడమని. మూడోసారి "పదకొండు" అంది. డాక్టరు చాలాసేపు నవ్వి, ఆమె కళ్లను దీపంతో పరీక్షగా చూసి, తెల్లబడిన గుడ్లలో చూపు పిసరంత కూడా లేదని ఇంగ్లీషులో నిండుగా రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. రైలు దిగేటప్పుడు సోమనర్సయ్య, ఇకమీదట తెలియనివి తెలియవని చెప్పమని ఒక్కసారి బతిమాలాడు.

కాగితం క్యాంపు అమీనుసాబు దగ్గరికి పోయింది. ఆయన సర్కారు జిల్లాల మనిషి. ఇక్కడ ఇన్‌స్పెక్టరును అమీనంటారని తెలియక, తనను తిడుతున్నారేమోనని మొదట్లో ఉలిక్కిపడేవాడట. అడవుల్లో జీపెక్కి తిరిగి తిరిగి నడుము పట్టేసి, నెలరోజులుగా నిద్రలేదు. మంచం మీద ఒక చెయ్యి, కాగితం మీద ఒక చెయ్యి వేసి కూర్చున్నాడు.

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు" అన్నాడు. "కాగితం నువ్వు గుడ్డిదానివంటోంది. మంచం కాదంటోంది. నేను ఎవరి మాట నమ్మాలి?"

మంచం మాటే రాజలింగానికి నచ్చింది. ఆయనే ఉపాయం చెప్పాడు. పది రోజుల తర్వాత కట్టమ్మ క్యాంపు వాకిట్లో, అందరూ చూస్తుండగా ఇంకొక మంచం అల్లాలి. మంచాన్ని చూసి మనిషిని తేల్చేస్తారు.

ఆ సాయంత్రం కట్టమ్మ ఇంటి అరుగు మీద తల పట్టుకుని కూర్చుంది. బాగా అల్లితే గుడ్డిది కాదంటారు, గుర్రపుసాల పోతుంది. ఇంకా పెద్ద కథే అయి, సంగపోళ్ల మనిషంటూ వరంగల్లు జైలుకు తోలినా తోలుతారు. జైల్లోనూ ఉప్పు వేరేవాళ్లే వేస్తారు.

టీక్యాకు ఇందులో పరేషాన్ ఏముందో అర్థం కాలేదు. చెడగొట్టి అల్లితే సరిపోయె. మనుషులకు మంచి పని చేయడం కష్టం గాని, చెడ్డ పని ఎంతసేపు?

చాలాసేపే పట్టింది. కట్టమ్మ పాత పట్టెలు ముందేసుకుని మొదలుపెట్టింది. నాలుగు పోగులు పైనుంచి, నాలుగు కిందినుంచి పోవాలి. అక్కడ కావాలని మూడు వేసింది. చేతులు ఒక అడుగు ముందుకు పోయి, ఎవరో పిలిచినట్టు వెనక్కి వచ్చి, నాలుగోది సర్దేశాయి. వదులుగా లాగాలనుకుంది. మనసు వదిలింది, బొటనవేలు బిగించింది. మూడు రోజులు అట్లాగే గడిచాయి. మూడో రోజు తయారైన మంచం మొదటిదానికన్నా బాగుంది. టీక్యా చింతపిక్క వేసి, అది ఎటు పోయిందో వెతుక్కున్నాడు.

"నీకు చేతగాదు గని నేనల్లుత జరుగు" అంది కొంరమ్మ, వాకిలి ఊడుస్తున్నదల్లా చీపురు పడేసి. "గింత పనికి గన్ని దినాలా?"

కొంరమ్మ పెళ్లయిన కొత్తల్లో ఒకే ఒక మంచం అల్లింది. సోమనర్సయ్య దానిలో ఒక పగలు పడుకుని, లేవలేక, పొలం నుంచి వచ్చేవాళ్లను కేకేసి లేపించుకున్నాడు. ఆ కథ ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు. ఆ మంచంలో ఏం తప్పుందో కొంరమ్మకు మాత్రం ఇప్పటికీ తెలియదు. పండుకునేటోనికి పండుకునుడు రాదని ఆమె వాదన.

ఆమె అల్లుతుంటే కట్టమ్మ వెనకనే వేళ్లతో తడుముతూ పోయింది. ఒకచోట రెండు పోగులు, ఒకచోట అయిదు. ఒక గడి గుండ్రం, ఒకటి మూడు మూలలు. నడుమ తాడు పొరపాటున తన మీదే తాను ముడిపడింది. ముడి విప్పకుండా కొంరమ్మ దాని మీదుగా హాయిగా సాగిపోయింది. ఇరవై అయిదేళ్లలో కట్టమ్మ వేళ్లు ఇంత ఘోరం తాకలేదు. అయినా ఒక్కొక్క తప్పూ ముట్టుకుని, మనసులో గుర్తు పెట్టుకుంది.

"నేర్సుకుంటున్నవా?" అంది కొంరమ్మ.

"నేర్సుకుంటున్న వదినె. జర మెల్లగ అల్లు. నువ్వు జేసినట్ల చెయ్యాలంటే శానా ఉన్నది."

కొంరమ్మ సంతోషంగా మరి నాలుగు వరసలు అల్లింది. అయిదో వరసలో చెయ్యి ఆగింది. కట్టమ్మ చెడగొట్టి అల్లడం కదా నేర్చుకోవలసింది. మరి తనను చూసి ఎందుకు నేర్చుకుంటోంది? ఆ రోజు గరిటెలు రెండు తగ్గాయి.

పదో రోజు వాకిట్లో కట్టమ్మ మంచం అల్లింది. ఏడుపు దిగమింగుకున్నట్టు బొటనవేళ్లను దిగమింగుకుంటూ, ప్రతి పోగు దగ్గరా వదిన చెయ్యి తలుచుకుంటూ అల్లింది. చెమటతో రవిక తడిసిపోయింది. మంచి మంచం అల్లినప్పుడు ఆమెకు ఎన్నడూ చెమట పట్టలేదు. చివర్న కాళ్లవైపు తాడు బిగించాలి. ఆ తాడును ఊరికే చుట్టి, దండం పెట్టి లేచింది.

మంచం నడుమ పల్లం పడి, ఒక పట్టె ఎత్తు, ఒక పట్టె వాలు, అడ్డంగా నవ్వుతున్న మొహంలా ఉందని టీక్యా తర్వాత చెప్పాడు. చూసి రాజలింగానికి కళ్లు చెమర్చాయి.

"గిప్పుడు నమ్ముత" అన్నాడు. "పాపం, నిజంగనే కనవడదు."

అంతటితో అయిపోయేదే. అమీనుసాబు మాత్రం, సర్కారు సొమ్ముతో కొనేదాన్ని పరీక్షించకుండా సంతకం పెట్టేది లేదన్నాడు. టోపీ తీసి, బెల్టు విప్పి, జాగ్రత్తగా మంచం మీద వాలాడు. వాలినవాడు వాలినట్టే లోపలికి పోయాడు. మోకాళ్లు గడ్డానికి ఆనాయి. రెండు పక్కలనుంచీ నులక ముడుచుకుంది. బయటికి బూట్లు, కొంచెం మీసం మాత్రమే మిగిలాయి.

కట్టమ్మకు అన్న ఊపిరి వినపడలేదు, ఎవరి ఊపిరీ వినపడలేదు. గుర్రపుసాల, మూడు రాళ్లు, ఉప్పు, అన్నీ ఆ పల్లంలోకి జారిపోతున్నట్టే ఉంది. అప్పుడు మంచంలోంచి సన్నగా ఒక చప్పుడు మొదలైంది. అది తిట్టు కాదు. గురక.

లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎండ ముదిరితే ఇద్దరు పోలీసులు మంచాన్ని ఆయనతో సహా నీడకు జరిపారు. నీడ జరిగితే మళ్లీ జరిపారు. రాజలింగం కాగితాలు చేతపట్టుకుని మంచంతోపాటు వాకిలంతా తిరిగాడు. పొద్దు వాలే వేళకు అమీనుసాబు లేచాడు. లేపారనడం సరైనది, ఒంటరిగా అందులోంచి లేవడం ఎవరి తరమూ కాదు. నిలబడి, అటు ఒకసారి ఇటు ఒకసారి నడుము తిప్పి చూసుకున్నాడు.

"నెల రోజుల నుంచి ఇంత నిద్ర లేదు" అన్నాడు. "ఇలాంటివే నలభై చేయించండి. ఇలాంటివే, తెలిసిందా? పిసరంత తేడా వచ్చినా ఒప్పుకోను."

నలభై మంచాలకు ఉత్తర్వు అయింది. వంకర మంచానికి లక్కతో ముద్రవేసి, 'మంజూరైన నమూనా' అని చీటీ కట్టి, కచేరీ గదిలో గోడకు నిలబెట్టారు. కట్టమ్మ గుర్రపుసాలలో చేరింది. మూడు రాళ్లు పెట్టుకుంది. మొదటి రోజు గటకలో ఉప్పు ఎక్కువైంది. గిన్నె ఊడ్చుకుని తింది.

పదిహేను రోజులకు మొదటి అయిదు మంచాలూ కచేరీకి పోయాయి. మరునాడే తిరిగి వచ్చాయి. రాజలింగం కొలతకర్ర పట్టుకుని వచ్చాడు. నమూనాలో పల్లం మూరెడు, వీటిలో బెత్తెడు కూడా లేదు. నమూనాలో పదిహేడు తప్పులున్నాయి, ఆయన పేరు పేరునా రాసుకున్నాడు. వీటిలో మూడే ఉన్నాయి, అవి కూడా సరైన చోట లేవు.

"గట్టిగున్నయి. వాపస్" అన్నాడు. "నెలాఖరుకు నమూనా తీరుగ రాకపోతే సాల ఖాళీ చెయ్యాలె. బజారుల కొనుక్కుంటం."

కట్టమ్మ సంగతి ఇంతే. ఒక్కసారికి దిగమింగుకుంది గాని, నలభైసార్లు ఎవరు దిగమింగుతారు. ఆ సాయంత్రం తడుముకుంటూ అన్న ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి పిలిచింది.

"వదినె, నీ అల్లికెనే సర్కారుకు నచ్చింది. నాకు మల్లొకసారి నేర్పాలె."

లోపల గరిటె చప్పుడు ఆగింది. పదిహేడేళ్లుగా మొగుడూ ఊరూ కలిసి నవ్విన అల్లికకు ముద్ర వేసి, చీటీ కట్టి, కచేరీ గోడకు నిలబెట్టారు. కొంరమ్మ చేతులు కడుక్కుని, కొప్పు సరిచేసుకుని బయలుదేరింది. సోమనర్సయ్య ఏదో అనబోతే, "పండుకునుడు రానోనివి నువ్వు మాట్లాడకు" అని మాత్రం అంది.

ఆ పని నేర్పేది కాదని రెండు రోజుల్లో తేలింది. తెలిసి చేసే తప్పు వేరు, తెలియక చేసే తప్పు వేరు. కొంరమ్మ తప్పుల్లో ఒక ధీమా ఉంది, అది చేత్తో తడిమితే వచ్చేది కాదు. చివరికి కొంరమ్మ అల్లడం మొదలుపెట్టింది. కట్టమ్మ తాడు అందించింది. టీక్యా నులక పేనుతూ సాల వాకిలి కాశాడు. మంచాలు ఒక్కొక్కటే నవ్వుతూ తయారయ్యాయి.

తొమ్మిదో మంచం సగంలో ఉండగా రాజలింగం చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. టీక్యా దగ్గాడు గాని, ఒంటికాలు మనిషి దగ్గుకు పేష్కారు ఆగుతాడా. లోపలికి వచ్చేసరికి కొంరమ్మ చేతిలో తాడు, ఒళ్లో ముడి.

"ఎవలీమె?"

అంగవైకల్యం లేనివాళ్ల చెయ్యి పడితే సరుకు చెల్లదని కాగితంలో ఉంది. కట్టమ్మ లేచి నిలబడింది. మూడు రాళ్లూ ఎవరో ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది. అబద్ధం చెప్పాలంటే ఏం చెప్పాలో తోచలేదు. డాక్టరుకు రెండని, అయిదని చెప్పినప్పటినుంచి ఆమెకు ఆ విద్యమీద నమ్మకం పోయింది.

"మా వదినె సారూ. రెండు కండ్లు మంచిగున్నయి. నాకు రాక ఆమెతోని అల్లిపిచ్చిన. తప్పు నాదే."

రాజలింగం మంచం దగ్గరికి పోయి వంగి చూశాడు. నమూనాలోని పదిహేడు తప్పులూ ఉన్నాయి, పైన కొత్తవి నాలుగున్నాయి. చూసిన కొద్దీ ఆయన మొహం మెత్తబడిందని టీక్యా చెప్పాడు. కొంరమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్నేండ్ల సంది తల్లీ?"

"ఏంది ఎన్నేండ్ల సంది?" అంది కొంరమ్మ.

రాజలింగం కట్టమ్మ వైపు జరిగి గొంతు తగ్గించాడు. "పాపం, ఆమెకే తెల్వదా?"

కట్టమ్మ నిజం ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పమని ఎవరూ అడగలేదు. రాజలింగం తన పుస్తకం తీసి, కట్టమ్మ పేరు కింద కొంరమ్మ పేరు రాసి, పూర్తిగా చూపు లేదని ఎదురుగా నింపాడు. ఈమె మంచమే పెద్ద దవాఖాన కాగితమని, జనగామ దాకా పోనక్కరలేదని దయతో చెప్పాడు. పోతూ పోతూ, గడప దగ్గర పదిలమని కూడా హెచ్చరించాడు.

కొంరమ్మ మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు విప్పి, పొద్దు గూకేదాకా మూయలేదు. కాని పని మానుతానని మాత్రం అనలేదు. పుస్తకంలో పేరుంది, మంచాలు ముప్పై ఒకటి మిగిలాయి, ఆమె మంచాల్లో అమీనుసాబుతో పాటు క్యాంపు క్యాంపంతా గురక పెడుతోంది. ఇక మిగిలింది ఒక్కటే చిక్కు. పుస్తకంలో చూపు లేదని ఉన్న మనిషి, రోజూ క్యాంపు వాకిలి గబగబా దాటి పోతుంటే బాగుండదు.

అందుకని రోజూ పొద్దున కట్టమ్మ గడి మొగసాల దాకా ఎదురుపోయేది. కొంరమ్మ అక్కడికి వచ్చి కళ్లు మూసుకునేది. వదిన చెయ్యి పట్టుకుని కట్టమ్మ వాకిలి దాటించేది. బావి దగ్గర ఎడమకు, బనీన్ల తాడు దగ్గర వంగి, మెట్టు దగ్గర ఆగి, ముప్పై ఏళ్ల అలవాటుతో సాఫీగా తీసుకుపోయేది. కొంరమ్మ మొదటి రోజు స్తంభాన్ని, రెండో రోజు సెంట్రీని గుద్దుకుంది. ఇంతగా కనపడని మనిషిని తానింతవరకూ చూడలేదని సెంట్రీ బాధపడ్డాడు.

"మెల్లగ వదినె, కుడిదిక్కు జరుగు" అనేది కట్టమ్మ.

"నాకు తెల్వదా?" అనేది కొంరమ్మ, ఎడమదిక్కు జరుగుతూ.

లోపలికి పోయి సాల తలుపు వేసుకున్నాక కొంరమ్మ కళ్లు తెరిచి చుట్టూ చూసుకునేది. మధ్యాహ్నానికి కట్టమ్మ పొయ్యి మీద గటక ఉడికి ఉండేది. ఇద్దరికీ ఆమే వడ్డించేది. గిన్నె అంచు వేలితో తడిమి, నిండిందాకా వేసి, ఒక గరిటె పైన వేసి, ఉప్పు సరిపోయిందా అని అడిగేది.

"జర ఎక్కువైంది" అంది కొంరమ్మ ఒకరోజు.

"నాకు సరిపోయింది" అంది కట్టమ్మ. "తిను వదినె."